బ్యాగులో రాయి, దారిలో మూడు ఊళ్ళు

శనివారం తెల్లారి ఐదున్నరకి మదనపల్లె బస్టాండులో దిగాను. బ్యాగులో ల్యాప్‌టాప్, ఒక జత బట్టలు, పాత టవల్‌లో చుట్టిన కిలో పైచిలుకు రాయి. బెంగళూరులో బస్సెక్కేటప్పుడు కండక్టర్ బ్యాగు పట్టుకుని "ఏముంది సార్, ఇంత బరువు?" అన్నాడు. రాయి అంటే నమ్మలేదు.

రాయి మా చిన్నాన్నది. కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో ఆయనకి రెండెకరాల చేను ఉంది. నిరుడు ఎండాకాలంలో పాత బావి పూడిక తీయిస్తుంటే అడుగున దొరికింది. తెల్లటి పలుగురాయి, మధ్యలో పసుపు రంగులో తళతళలాడే చారలు. ఇంకే ఊళ్ళోనైనా పిల్లలు ఆడుకోడానికి పనికొచ్చేది. కానీ చిన్నాన్న వాళ్ళ వైపు చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కోలారు గనులున్న రాతిపొరే దక్షిణంగా సాగి ఇక్కడిదాకా వచ్చింది. 2001లో కోలారుతో పాటు ఇవీ మూతపడ్డాయి. గని మూతపడింది కానీ ఆ ఊళ్ళల్లో బంగారం మాట మూతపడలేదు.

చిన్నాన్నకి రెండు బోర్లు ఫెయిలయ్యాయి, అప్పుంది. ఈమధ్య ఎవరో ఒకాయన వచ్చి "నా దగ్గర మిషన్ ఉంది, నీ చేన్లో బంగారం ఎక్కడుందో చూపిస్తా, యాభై వేలివ్వు" అన్నాడట. చిన్నాన్న ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇచ్చేముందు నాకు ఫోన్ చేశాడు. "రేయ్, నువ్వు జేసేది ఆ లేజర్ మిషన్ల కంపెనీలోనే గదా. దీన్ని సూసి చెప్పు. నువ్వు ఉండాదంటే ఇస్తా, లేదంటే ఇయ్యను."

నిజమే, నేను చేసేది అలాంటి కంపెనీలోనే. చేతిలో పట్టుకునే డ్రిల్ మిషన్ లాంటి పరికరం ఒకటి ఉంటుంది. పాత ఇనుము కొనేవాళ్ళు దాన్ని లోహానికి ఆనించి బటన్ నొక్కుతారు. 'టిక్' అని చిన్న చప్పుడు, ఒక మెరుపు. స్క్రీన్ మీద ఇది ఫలానా అల్యూమినియం మిశ్రమం అని వస్తుంది. ఆ మెరుపులోని గీతల్ని చదివే కోడ్ రాసే టీమ్‌లో నేనొకణ్ణి. మా లీడ్‌ని అడిగి ఒక శుక్రవారం సాయంత్రం ఆ రాయి మీద రెండొందల సార్లు లేజర్ కొట్టాను. బంగారం గీత కనపడలేదు. 'లేదు' అని చెప్పేద్దామనుకున్నాను. కానీ యాభై వేల మాట నా నోటి మీద ఆధారపడి ఉందంటే ఎందుకో ధైర్యం చాల్లేదు. అందుకే తిన్నగా కుప్పం రైలెక్కకుండా మదనపల్లె చుట్టూ తిరిగి వెళ్తున్నాను. అక్కడ మా ఫిజిక్స్ సార్ ఉంటారు.

సార్ తొమ్మిదింటికి రమ్మన్నారు. అప్పటిదాకా టమాటా మార్కెట్‌కి వెళ్ళాను. మదనపల్లె వచ్చి టమాటా మార్కెట్ చూడకపోతే తిరుపతి వెళ్ళి కొండెక్కకుండా వచ్చినట్టే. క్రేట్లు, లారీలు, చితికిన కాయల పుల్లటి వాసన. నలభై మంది ఒకేసారి అరుస్తుంటారు. మొదటి రెండు నిమిషాలు ఒట్టి గోల, ఒక్క మాట కూడా విడిగా వినపడదు. కాసేపు నిలబడితే ఒక్కో గొంతూ విడివిడిగా వినిపిస్తుంది, ఎవరు ఎంతకి పాడుతున్నారో తెలుస్తుంది.

మా పరికరంలో జరిగేది అచ్చం ఇదే. కొద్ది మిల్లీజౌళ్ళ శక్తి మాత్రమే. ఫోన్ ఛార్జింగ్‌తో పోలిస్తే అదేమంత లెక్కలోది కాదు. కానీ దాన్ని సెకనులో వంద కోట్లవ వంతు ఒకటి రెండింట్లో, వెంట్రుక మందమంత చోట కుమ్మరిస్తే ఆ చుక్క దగ్గర రాయి కరగడం, మరగడం కూడా దాటేసి ఆవిరై, ఆ ఆవిరిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అదే ప్లాస్మా. పది వేల డిగ్రీల పైమాటే. పుట్టిన మొదటి క్షణాల్లో ఆ ఎలక్ట్రాన్లు అయాన్లని రాసుకుంటూ అన్ని రంగుల్లోనూ ఒకేసారి వెలుగుతాయి. మార్కెట్లో మొదటి గోల అన్నమాట. ఆ టైములో కాంతిని కొలిస్తే ఏమీ తెలీదు. ఒక మైక్రోసెకను ఆగాలి. ప్లాస్మా కాస్త చల్లబడి, ఎలక్ట్రాన్లు మళ్ళీ అణువుల్లోకి చేరుతూ ఒక్కో మూలకం తన సొంత గీతల్లో పలకడం మొదలుపెడుతుంది. ఎంతసేపు ఆగాలి అనేది మా కోడ్‌లో ఒక నంబర్. ఆ ఒక్క నంబర్ కోసం మా టీమ్‌లో జరిగినన్ని గొడవలు అప్రైజల్ టైములో కూడా జరగలేదు.

సార్ ఇల్లు బీటీ కాలేజీ దాటాక. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమనకి ఇంగ్లిషు అనువాదం రాసింది ఈ కాలేజీలోనే. నేను చదివింది మాత్రం అక్కడ కాదు, ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో పాదరసం దీపం, గ్రేటింగ్, దుర్భిణీ లాంటి స్పెక్ట్రోమీటర్ ఉండేవి. ఆకుపచ్చ గీత కోణం కొలిచి తరంగదైర్ఘ్యం కట్టాలి. నేను ఆ గీతని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. సీనియర్ రికార్డు తెచ్చి రీడింగులు దింపేశాను. నా రికార్డులో 546 నానోమీటర్లు రావడం చూసి సార్ నవ్వి సంతకం పెట్టారు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

"అయితే ఇప్పుడు గీతల మీదే అన్నం తింటావుండావన్న మాట" అన్నారు సార్, కాఫీ ఇస్తూ. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. గ్రాఫు 190 నుంచి 420 నానోమీటర్ల దాకా. మన కంటికి కనపడేది సుమారు 400 నుంచి 700. అంటే మా పరికరం ఎక్కువగా చూసేది మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతినే. లోహాల బలమైన గీతలు చాలావరకు ఆ వైపే ఉంటాయి మరి. ఎలక్ట్రాన్ ఎంత పెద్ద మెట్టు మీంచి దూకితే కాంతి అంత నీలం వైపు, ఆ పైన అతినీలలోహితం వైపు జరుగుతుంది.

సార్ కళ్ళజోడు సర్దుకుని వేలితో ఒక్కో శిఖరం చూపిస్తూ అడిగారు. 288.16? సిలికాన్ సార్, పలుగురాయిదే. 279.5, 280.3 జంట? మెగ్నీషియం. 393.4, 396.8? కాల్షియం. 240 నుంచి 275 దాకా ఈ అడవేంది? ఇనుము. ఇనుముకి ఆ మధ్య వందల గీతలుంటాయి, గజిబిజిగా.

"బంగారం యాడుండాల?"

"242.8 దగ్గరా, 267.6 దగ్గరా సార్."

"అంటే అడవిలో."

నేనేం మాట్లాడలేదు. రెండు గీతలూ సరిగ్గా ఇనుము గీతల గుంపులోనే. చిన్న బంగారం గీత ఉన్నా ఆ పక్కన పెద్ద ఇనుము గీత నీడలో పోతుంది. సార్ ఇంకో ప్రశ్న వేశారు. "గంధకం చూసినావా? ఆ పసుపు మెరుపు చూస్తే నాకు బంగారం కంటే ముందు అదే అనిపిస్తాది." చూడలేదన్నాను. చూడలేను కూడా. గంధకం గట్టి గీతలు 181, 182 నానోమీటర్ల దగ్గరుంటాయి. ఆ కాంతిని గాలిలోని ఆక్సిజన్ మింగేస్తుంది. పరికరం లోపల గాలి తీసేయాలి, లేదా ఆర్గాన్ నింపాలి. మాది గాలిలో పనిచేసే చవక రకం.

"మీ మిషన్‌కి కనపడనిది లోకంలోనే లేదంటే ఎట్లప్పా?" అన్నారు.

తర్వాత మాట చంద్రుడి మీదికి పోయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది గుర్తుందిగా? మనమందరం ఆఫీసుల్లో పని ఆపేసి లైవ్ చూశాం. ప్రజ్ఞాన్ రోవర్ మీద ఉన్న రెండు పరికరాల్లో ఒకటి సరిగ్గా ఇదే. పేరు లిబ్స్. బెంగళూరులోని ఇస్రో ల్యాబు లియోస్‌లో తయారైంది. నేల మీద లేజర్ కొట్టి, లేచిన ప్లాస్మా వెలుగును చదవడం. ఆ నెలాఖరులోపే దక్షిణ ధ్రువం దగ్గర నేలలో గంధకం ఉందని ఇస్రో ప్రకటించింది. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియం, మాంగనీసు, సిలికాన్, ఆక్సిజన్ కూడా. శ్రీహరికోట నుంచి వెళ్ళిన పరికరానికి దొరికిన గంధకం, గుడుపల్లె రాయిలో నాకు దొరకలేదు. పరాయి గ్రహం మీద ఈ పని మొదట చేసింది అమెరికా వాళ్ళ క్యూరియాసిటీ రోవర్, 2012లో మార్స్ మీద. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ఇదే పద్ధతితో పేలుడు పదార్థాల్ని గుర్తుపట్టే పరిశోధన ఏళ్ళ తరబడి జరిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మన గుంటూరులో ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని సూర్యుడి అంచున లేచే మంటల్ని చదివాడు. ఆ గ్రహణం, ఆ సంవత్సరం చూసిన గీతలే తర్వాత హీలియం అనే కొత్త మూలకం దాకా తీసుకెళ్ళాయి. ఆ మంటలూ ప్లాస్మానే. లేజర్ లేదు, సూర్యుడు ఉన్నాడు, అంతే తేడా.

లేచేటప్పుడు సార్ ఒకటే మాటన్నారు. "మీ చిన్నాన్నకి 'కనపళ్ళేదు' అని చెప్పు. 'లేదు' అనొద్దు. ఆ రెండు మాటలకీ మధ్య ఏముందో నువ్వే కూర్చుని విడమరచి చెప్పు."

చెప్పడం తేలికే. యాభై వేలు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ తేడా ఎలా చెప్పాలి?

మదనపల్లె నుంచి పుంగనూరు బస్సులో గంట లోపే. కిటికీ పక్కన కూర్చుంటే రాళ్ళ గుట్టలు, చింతచెట్లు, టమాటా తోటలు. పుంగనూరు అనగానే ఇప్పుడు అందరూ రీల్స్‌లో చూసిన పొట్టి ఆవులే అంటారు. నిజంగానే మన నడుం దాకా కూడా రావు. ఊళ్ళో కంటే ఫామ్‌హౌసుల్లోనే ఎక్కువున్నాయని మా మామ గొణుగుతుంటాడు.

మామకి అక్కడ వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు ట్రాలీలు. నేను వెళ్ళేసరికి ఒక ట్రాలీ కింద పడుకుని అతుకు వేస్తున్నాడు. నీలి మెరుపు. చిన్నప్పుడు అమ్మ నా కళ్ళు మూసేది, "సూడొద్దు, కండ్లు పోతాయి" అని. అప్పుడు అది భయపెట్టడానికే అనుకున్నా. ఆ ఆర్క్ కూడా ప్లాస్మానే, లేజర్ బదులు కరెంటుతో పుట్టిన ప్లాస్మా. ఆరు వేల డిగ్రీలు దాటిన వేడి. కంటికి కనపడే నీలి వెలుగు కంటే కనపడని అతినీలలోహితమే అసలు ప్రమాదం.

"ఏమిరా అల్లుడా, ఎట్లుండావు?" అంటూ బయటికొచ్చాడు మామ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముందురోజు మొహం మీద షీల్డ్ లేకుండా 'ఒక్క టాకానే కదా' అని వేశాడట. అందులో తమాషా ఏంటంటే, ఆ క్షణంలో ఏమీ తెలీదు. ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా నిద్రపోయే వేళకి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. కంటి పైపొర ఎండకి కమిలినట్టు కమిలిపోతుంది. రాత్రంతా కళ్ళ మీద బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని పడుకున్నాడట. ప్రతి వెల్డింగ్ షాపులోనూ ఉన్న వైద్యమే. చల్లదనానికి హాయిగా ఉంటుందేమో కానీ, కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిన పని అది. చెప్తే వినడు.

అత్త పెట్టిన రాగిసంగటి తింటూ మామకి రాయి చూపించాను. "మీ మిషన్ కూడా ఇట్లాంటి మెరుపేనా?" అన్నాడు. అవునన్నాను. "నేను మెరుపు సూసి లోహం చెప్తా తెల్సా? రాగికి పచ్చగా వస్తాది. జింకు పూత ఉండే పైపుకి తెల్లపొగ లేస్తాది." నిజం. ముప్పై ఏళ్ళుగా మామ చేస్తున్నది వర్ణపట విశ్లేషణే. మామ కన్ను 400 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, మా పరికరం అక్కడి నుంచి కిందికి దిగుతుంది. జీతాలు చూస్తే మాత్రం లెక్క ఎక్కడో తప్పినట్టుంది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం. ఆ బస్సులో పక్క సీటు కుర్రాడు నా స్క్రీన్ మీద గ్రాఫు చూసి "షేర్ మార్కెట్టా అన్నా?" అన్నాడు. కాదని, లేజర్ ప్లాస్మా గురించి చెప్పాను. వాడి చేతిలో కొత్త ఫోను. నీ ఫోన్‌లో చిప్పు కూడా దీంతోనే తయారయ్యుండొచ్చు అంటే నమ్మలేదు. కొంచెం ఖరీదైన కొత్త ఫోన్లలో చిప్పుల మీద గీతలు గీయడానికి 13.5 నానోమీటర్ల కాంతి కావాలి. అలాంటి బల్బు ఎక్కడా దొరకదు. అందుకే నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎమ్‌ఎల్ కంపెనీ మిషన్లలో కరిగిన తగరాన్ని చుక్కలు చుక్కలుగా, సెకనుకు 50 వేల చుక్కలు వదులుతారు. ఒక్కో చుక్కని లేజర్ మొదట దోసెలాగా చదును చేస్తుంది, రెండో దెబ్బకి ప్లాస్మా చేస్తుంది. దాదాపు 2 లక్షల డిగ్రీలు. ఆ తగరం ప్లాస్మా వెలుగే చిప్పు మీద బొమ్మ గీస్తుంది. ఆ కాంతిని గాలీ మింగేస్తుంది, గాజూ మింగేస్తుంది. అందుకే అంతా శూన్యంలో, లెన్సుల్లేకుండా అద్దాలతోనే. ఏ వేడిలో, ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడిన తగరం ఆ 13.5 దగ్గర బాగా వెలుగుతుందో కనిపెట్టింది కూడా ఇలా గీతలు చదివే. కుర్రాడు ఫోన్‌ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత మళ్ళీ రీల్స్.

కుప్పంలో దిగితే తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్టు దగ్గర వినపడతాయి. చిన్నాన్న బైకు మీద వచ్చాడు. దారి పొడుగునా మిషన్ ఆయన గురించే. ఎల్లుండి వస్తాడట, సగం డబ్బు అడ్వాన్సు.

ఇంటి ముందు నులకమంచం మీద ల్యాప్‌టాప్ తెరిచాను. పిన్ని, పక్కింటివాళ్ళు, పిల్లలు. చిన్నాన్న గ్రాఫు వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు.

"కనపళ్ళేదు చిన్నాన్నా."

"అంటే లేదా?"

చెప్పాను. లేజర్ ఒక్క దెబ్బకి తాకేది గుండుసూది మొనంత చోటు. మంచి గనిలో కూడా ఒక టన్ను రాయిలో బంగారం నాలుగైదు గ్రాములే ఉండొచ్చు. పది లక్షల గింజల్లో నాలుగు గింజలు. నేను రెండొందల గింజలు ఏరి చూసి ఆ నాలుగూ దొరకలేదంటున్నాను. పైగా మా పరికరం పది లక్షలకి పదుల సంఖ్యలో లేనిదే నమ్మకంగా చూడలేదు. "కాబట్టి నా మిషన్ ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. కానీ ఆ వచ్చే ఆయన చేత్తో పట్టుకుని నడుస్తూ భూమి లోపలిది చెప్తానంటున్నాడే, రాతిలో ఇంత తక్కువగా కలిసిన బంగారాన్ని అలా ఏ మిషనూ చూపించలేదు. లేజర్‌కి కనపడేది పైపొర ఒక్కటే."

చిన్నాన్న మొహంలో ఏమీ మారలేదు. నా డిగ్రీ, నా జీతం, ఆ రంగురంగుల గ్రాఫు, ఏదీ పనిచేయలేదు. పక్కింటి పెద్దాయన ఒకాయన అప్పటిదాకా అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గని మూసేదాకా భూమి లోపల పని చేసిన మనిషి. లేచొచ్చి రాయి తీసుకుని, "ఒక మేకు దెండి" అన్నాడు. మెరిసే చార మీద మేకుతో గట్టిగా నొక్కాడు. అది పొడిపొడిగా రాలింది. "బంగారమైతే సొట్ట పడతాది, రాలదు." తర్వాత పగిలిన బాత్రూం టైల్ ముక్క తెప్పించి, వెనక గరుకువైపు ఆ చారని రుద్దాడు. టైల్ మీద పచ్చటి గీత కాదు, నల్లగా, ఆకుపచ్చ ఛాయ కలిసిన గీత పడింది.

"ఇది కాకిబంగారం. ఇనుమూ గంధకం."

సార్ మదనపల్లెలో కూర్చుని అడిగిన గంధకం ఇదే. నేను లక్షల ఖరీదు చేసే పరికరంతో పట్టుకోలేనిది టైల్ ముక్క మీద దొరికింది. నాకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. చిన్నాన్న మాత్రం ఆ నల్లగీతని వేలితో తుడిచి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

పెద్దాయన ఊరుకోకుండా ఇంకో మాట కూడా అన్నాడు. "అయితే బంగారం ఉండే తావులో ఇదీ ఉంటాది. లోపల కంటికి ఆనకుండా ఉన్నా ఉండొచ్చు." నాకు కోపం వచ్చింది, ఇప్పుడే ఒప్పుకునేలా ఉన్నాడు కదా అని. కానీ ఆయన చెప్పింది నిజం. ఈ పసుపు ఖనిజం లోపల కనపడని బంగారం దాగి ఉండటం మామూలే. తేల్చాలంటే పాత పద్ధతే: రాయిని పిండి చేసి, కొన్ని పదుల గ్రాములు తీసి, సీసం ఆక్సైడుతో కలిపి కొలిమిలో కరిగించి, సీసాన్ని పోగొట్టి, చివర మిగిలిన పూసని తూకం వేయడం. దానికయ్యే ఖర్చు యాభై వేలు కాదు, కొన్ని వేలు. ఒకవేళ ఉందని తేలినా చిన్నాన్న పార తీసుకుని తవ్వేసుకోవడానికి లేదు, గని లీజు కావాలి. అదీ చెప్పాను. "నాకు తవ్వాలని లేదురా" అన్నాడు. "బోరు వేసినప్పుడూ తెలీకుండానే డబ్బులు పెట్టినా. ఈసారి తెల్సుకుని పెడదామని."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి భోజనాలయ్యాక రాయిని సుత్తితో రెండు ముక్కలు చేశాం. పెద్దది చిన్నాన్న బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నాడు. చిన్నది నేను టవల్‌లో చుట్టుకున్నాను, బెంగళూరులో కొలిమి పరీక్షకి ఇవ్వడానికి. నన్ను కుప్పం స్టేషన్లో దింపుతూ మిషన్ ఆయన గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

బంగారుపేట దాటాక ఫోన్ మోగింది.

"రేయ్, ఆయనకి ఫోన్ జేసి ఇప్పుడే వద్దని చెప్పినా. నీ పరీక్ష ఎన్ని దినాలు పడతాది?"

"పది రోజులు పట్టొచ్చు చిన్నాన్నా."

"సరే. రాయి జాగర్త. రైల్లో ఎవురికీ సూపించొద్దు."